వెనక తలుపు నుంచి చెప్పిన బంగ్లా

నర్సింలు కట్టిస్తున్న ఇల్లు ఊరికి వీపు తిప్పి కూర్చుందని ఊళ్లో భీమవ్వ అన్నదట. ఆ మాట ఆమె చాటుగా కూడా అనలేదు. రేషన్ దుకాణం ముందు కిరోసిన్ కోసం నిలబడ్డ వరస మొత్తానికీ వినపడేలా అన్నదట. వరసలో ఉన్న ఉమారాణి ఆ మాటను కొంగున ముడేసుకుని, శుక్రవారం ఫోనులో మొగుడు లింబాద్రి దగ్గర విప్పింది. లింబాద్రి దాన్ని బహ్రెయిన్‌లో నయీమ్ గల్లీ గది దాకా మోసుకొచ్చి, పప్పన్నం కలుపుకుంటున్న నర్సింలు ముందు పెట్టాడు.

భీమవ్వ అక్కడితో ఆగలేదట. బజారు వైపు తలుపు తీస్తే ఎదురుగా పొయ్యే కనపడుతుందట. చుట్టమొచ్చినా, సర్పంచి వచ్చినా తాలింపు ఘాటుకు తుమ్ముకుంటూ లోపలికి పోవాలట. దొరల బంగ్లాకు పెట్టినట్టు అంత లావు స్తంభాలు పోయించి, అంత వెడల్పు వరండా తీయించి, దాన్ని తీసుకుపోయి వెనక పసుపు చేను వైపు పెట్టుకున్నారట. ఆ వరండాలో కూర్చున్నవాడిని పలకరించాలంటే ఇక అడవిపందులే రావాలట.

నర్సింలు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"వరండా ఎన్కకు ఎట్ల పోతదిరా? నేను అర్ర అర్ర చెప్పి పంపిన గదా."

చెప్పి పంపిన మాట నిజమే. ఆ యేడు మొదటి నుంచీ అతని డ్యూటీ అవాలిలో. చమురు పడ్డ కొత్తలో తెల్లవాళ్లు తమ కోసం కట్టుకున్న పేట అది. అక్కడ ఖాళీగా పడి ఉన్న ఒక పాత బంగ్లాకు పెచ్చులూడిన చోటల్లా గిలాబు చేసే పని ఇతనిది. మొదటి రోజే ఆ ఇల్లు అతని మనసులో దిగబడింది. మేడ లేదు, ఆర్భాటం లేదు. నేలను పట్టుకుని పడుకున్న పెంపుడు గేదెలా పొట్టిగా, విశాలంగా ఉంది. వాలుగా దిగిన కప్పు గోడలను దాటి బయటికొచ్చి నీడ పరిచింది. వరండా స్తంభాలు కింద లావుగా మొదలై పైకి పోనుపోను సన్నబడ్డాయి. గోడల్లోనే చెక్క అల్మారాలు, కిటికీ కిందనే కూర్చోవడానికి బల్ల. బయట జూన్ ఎండ పెనంలా కాలుతుంటే లోపల అడుగుపెట్టగానే ఒంటి మీద తడిగుడ్డ వేసినట్టుండేది.

వాళ్ల ఊళ్లో దుబాయి పోయొచ్చిన ప్రతివాడూ అగ్గిపెట్టె మీద అగ్గిపెట్టెలా రెండంతస్తులు లేపి, మూడోది ఎప్పుడో వేస్తానని ఇనుప చువ్వలు ఆకాశానికి వదిలేస్తాడు. నర్సింలుకు ఆ పిచ్చి లేదు. అతనికి కావలసింది వరండా. వాళ్ల నాయన బతుకంతా ఒకరి అరుగు కింద నిలబడి మాట్లాడినవాడు. ఎక్కి కూర్చోమన్న పాపాన ఎవరూ పోలేదు. అందుకే నర్సింలు సొంత వరండాలో కాలు మీద కాలేసుకుని కూర్చోవాలి, బజాట్లో పోయేవాళ్లు ఆగి "ఎప్పుడచ్చినవ్ నర్సింలూ" అని అడగాలి. ఇంటి మీది ఆశంతా ఆ ఒక్క సాయంత్రం మీదే పెట్టుకున్నాడు.

అతనికి గీతలు గీయడం రాదు. అందుకని సెలవు మీద పోయే మనిషి చేతికి తన మాటలు నింపిన ఒక క్యాసెట్ ఇచ్చాడు. కుశల ప్రశ్నలు ఒక పక్క, ఇల్లు ఇంకో పక్క. ఊళ్లో మేస్త్రీ ముత్తన్న ఇసుక కుప్ప మీద టేప్ రికార్డర్ పెట్టి, ఒక గది వినడం, బటన్ నొక్కి ఆపడం, ముగ్గు పోయడం, మళ్లీ వినడం — అట్లా పని మొదలుపెట్టాడని పెళ్లాం ముత్తెమ్మ ఫోనులో మురిసిపోతూ చెప్పింది కూడా.

గదిలో మూడో మనిషి గౌస్. కోరుట్ల మనిషి, వీళ్లను పనికి తీసుకుపోయే వ్యాను తోలుతాడు. అంతసేపూ గోడకానుకుని వింటున్నవాడు, క్యాసెట్‌లో ఏం చెప్పాడో మళ్లీ చెప్పమన్నాడు. నర్సింలు కళ్లు మూసుకుని, ఆ ఇంట్లోకి నడిచి పోతున్నట్టే చెప్పాడు.

"దర్వాజ తీస్తవా, అంటింట్ల పడ్తవు. ఎడమ చెయ్యికి సామాన్ల అర్ర. దాటితే పెద్దర్ర. అటు ఇటు పండే అర్రలు. సక్కగ పోతే వరండా."

"ఏ దర్వాజ భాయ్?"

"ఏ దర్వాజ ఏంది? రోజు మనం పొయ్యేదే."

గౌస్ పక్కకు తిరిగి దిండులో మొహం పెట్టి నవ్వాడు. రోజూ పొద్దున వ్యాను ఆపేది అతనే కదా. ఆపేది వంటింటి పక్క గేటు దగ్గర. పనివాళ్లు ముందు వైపు నుంచి రాకూడదని ఫోర్‌మన్ మొదటి రోజే చెప్పాడు, ఎవరూ ఎందుకని అడగలేదు. వరండాలో పని చేసినప్పుడు కూడా ఇంట్లోంచే అక్కడికి పోయి, ఇంట్లోంచే వెనక్కి వచ్చారు. నర్సింలుకు ఆ ఇల్లు వంటింటితో మొదలై వరండాతో అయిపోతుంది. దర్వాజ అంటే బజారు దర్వాజే అనుకుని ముత్తన్న కూడా బజాట్లో మొదలుపెట్టి చేను దగ్గర ముగించాడు.

సంగతి అర్థమయ్యాక లింబాద్రి కూడా నవ్వాడు. నర్సింలుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తెల్లారి తిండి వేళకు ఫోర్‌మన్ లేని అదను చూసి, చుట్టూ తిరిగి మొదటిసారి రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాడు. అటు నుంచి చూస్తే అది వేరే ఇల్లు. స్తంభాలు రెండు చేతులూ చాచి రమ్మన్నట్టున్నాయి. మెట్లెక్కి, చెప్పులు విప్పి, కాసేపు కూర్చున్నాడు. ఉప్పుగాలి చల్లగా వచ్చి మెడ వెనక చెమట ఆరబెట్టింది. ఎంత సుఖం. రోడ్డు మీద ఒక కారు పోయింది. అందులోని మనిషి తల తిప్పి ఇతన్ని చూశాడు. నర్సింలు ప్రాణం లేచొచ్చింది. ఊళ్లో ఆ స్తంభాలు పడగొట్టించి ముందుకు తెప్పించాల్సిందే అనుకున్నాడు. ఇంకా కప్పు పడలేదు, ఇప్పుడైతేనే అయ్యే పని.

మళ్లీ శుక్రవారం కార్డు ఫోను దగ్గర రిసీవరు నర్సింలు పట్టుకుంటే, అటు లింబాద్రి, ఇటు గౌస్ చెవులు ఆనించారు. ఊళ్లో ఎస్టీడీ బూత్‌లో ముత్తెమ్మ, ఆమె పక్కన ముత్తన్న. క్యాసెట్ అరిగేదాకా విని కట్టానని, ఒక్క గోడ కూడా తన సొంత ఆలోచన కాదని ముత్తన్న ముందే ఆమె చేత చెప్పించాడు. నర్సింలు అతన్ని ఏమీ అనలేదు. తప్పు తనదేనని ఒప్పుకుని, అసలు ఎట్లుండాలో చెప్పి, సోమవారం నుంచే పడగొట్టడం మొదలుపెట్టమన్నాడు.

ముత్తెమ్మ అన్నీ విన్నది. తిన్నావా అని అడిగింది. తర్వాత నింపాదిగా వరండా కబుర్లు మొదలుపెట్టింది. కప్పు లేకపోయినా తాటాకులు కప్పించిందట. పొద్దు తిరిగితే అటు నీడ పడుతుందట, చేని మీంచి గాలి వస్తుందట. ఉమారాణి, చిన్నవ్వ కూడా పని తీరగానే అక్కడికే వస్తున్నారట, పసుపుకొమ్ములు ఏరుకుంటూ కాళ్లు బారజాపుకుని కూర్చుంటున్నారట. భీమవ్వ కూడా నిన్న వచ్చి పొద్దుగూకేదాకా లేవలేదట. ఆమె గొంతులో అంత తీరిక నర్సింలు ఎప్పుడూ వినలేదు. వింటుంటే హాయిగానే ఉంది. అయినా పట్టు వదలలేదు.

"అది కాదు ముత్తెమ్మా, బజారుకు కనవడకుంటె గది వరండా ఎట్లయితదే? నలుగురు సూడాలె గదా."

అవతల గరగరలోంచి ఆమె గొంతు గట్టిగా వచ్చింది.

"బజారు దిక్కుంటె, వచ్చే పొయ్యే ప్రతి మొగోనికి నేను కూసున్నకాడికెళ్లి లేచి నిలవడాలె. పెండ్లయిన కాన్నుంచి నిలవడుడే అయితున్నది. నువ్వు రెండేండ్లకోపారి వచ్చి నెల కూసుండి పోతవు, కడమ దినాలు ఆడ కూసునేది నేను. పడగొట్టుడు గిడగొట్టుడు ఏం లేదు."

రిసీవరు చుట్టూ మూడు తలకాయలున్నాయి. మూడూ ఆమెకు కనపడుతున్నట్టే, సరేనని ఒక్కసారి ఊగాయి.