చీకటి గదిలో పెండ్లిచూపులు

పెండ్లివాళ్లు అనుకున్నదానికంటే ముందే వచ్చారు. అప్పటికి గోదావరి సామాన్ల గదిలో ఉంది. కిటికీకి గొంగళ్లు కట్టి, తలుపు సందుల్లో పాత చీరలు కుక్కింది.

"బిడ్డా, వాళ్లచ్చిండ్రు! జల్ది రా," అంటూ తల్లి ప్రమీలమ్మ తలుపు తట్టింది.

"తలుపు తియ్యకమ్మా! వెలుగు పడ్తే ఖరాబైతది!"

ముందరి గదిలో కూర్చున్నవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

గోదావరి బెంగళూరులో ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తోంది. ఉపగ్రహంలో పెట్టబోయే టెలిస్కోపు కోసం, నక్షత్రాల వెలుగును ఒక్కొక్క కణంగా లెక్కపెట్టే పరికరాలను పరీక్షించడం ఆమె పని. అలాంటిదొకటి హైదరాబాదులో అప్పగించాల్సి ఉండగా, తల్లి పోరు పడలేక ముందు కంఠేశ్వర్‌లోని ఇంటికి వచ్చింది. బస్సు కుదుపులకు అదేమైందోనని వచ్చినప్పటి నుంచీ ఒకటే బెంగ.

పరికరాన్ని ఆపేసి బయటికొచ్చింది. జడకు బూజు, ముఖంలో దిగులు.

"ఏమైంది?" అని అడిగాడు పెండ్లికొడుకు రాజారాం. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో కెమిస్టు అతను.

"మిషన్ మంచిగున్నదో లేదో తెలుస్తలేదు. పరీక్ష చేసే చిన్న బల్బు బస్సుల పలిగింది. దీనికి చాన సన్నటి వెలుగు గావాలె. అగ్గిపుల్ల గీసినా ఎక్కువే."

రాజారాం ప్రమీలమ్మ వైపు తిరిగాడు.

"అత్తమ్మా, ఇంట్ల మిశ్రీ ఉన్నదా? చీకట్ల పలగ్గొడ్తే మెరుస్తది. మా ల్యాబుల సరదాకు చేస్తుంటం."

"అప్పుడే అత్తమ్మనా!" అని ఎవరో అనేసరికి ఇల్లంతా నవ్వులు. రాజారాం చెవులు ఎర్రబడ్డాయి.

గిన్నెలో పటికబెల్లం పలుకులు వచ్చాయి. చీకటి గదిలోకి ఇద్దరినే పంపడం కుదరదు గనుక నాయనమ్మ వెంకటవ్వ వెళ్లి నడుమ కూర్చుంది. గోదావరి పరికరాన్ని నడిపించింది. చిన్న స్పీకరులోంచి టిక్... కాసేపాగి మళ్లీ టిక్.

"గదేందే?"

"ఏ వెలుగు లేకున్నా అప్పుడప్పుడు గట్లనే కొడ్తదవ్వా."

కళ్లు చీకటికి అలవాటు పడ్డాక రాజారాం మిశ్రీ పలుకును కటింగ్ ప్లేయరుతో నొక్కాడు. సన్నటి నీలి మెరుపు. వెంటనే స్పీకరు రేకుల మీద వాన పడ్డట్టు టపటపలాడింది.

"మంచిగనే ఉన్నది! దీనికేం కాలే!" గోదావరి అవ్వను గట్టిగా వాటేసుకుంది.

"సాలు తియ్యి, ఊపిరాడ్తలేదు. ఇంకోటి కొట్టు బిడ్డా, నాకు మంచిగ కానరాలే," అంది అవ్వ రాజారాంతో.

బయట రాజారాం తల్లి అనసూయమ్మ ఆగలేకపోయింది. "మేం గూడ సూస్తం!" అంటూ తలుపు నెట్టబోయింది. గోదావరి "ఆగుండ్రి, ఆగుండ్రి!" అని అరుస్తూనే స్విచ్ ఆపింది. ఆ తర్వాత వంతులవారీగా అందరూ చూసి వచ్చారు. గిన్నె ఖాళీ అయింది.

చాయ్ తాగుతూ పెద్దలు వచ్చే నెలలో ముహూర్తం అనుకున్నారు.

"ఈ పరీక్షలు అయ్యేదాక నాకు సెలవు దొరకదు," అంది గోదావరి భయం భయంగా.

"నాకు గూడ ఫ్యాక్టరీల చెరుకు క్రషింగ్ అయ్యేదాక దొరకదు," అన్నాడు రాజారాం. "ఎండకాలంల పెట్టుకుందాం."

ఆమె మొదటిసారి అతణ్ణి సూటిగా చూసి నవ్వింది.