గుమ్మం దగ్గర తూకం

వైకుంఠరావు తాళి కట్టింది తనకే అయినా కాపురం చేసింది ఫైరింజన్‌తో అని అతని భార్య ఇందుమతి నలుగురిలోనూ అనేస్తుంది. అందులో అబద్ధమేమీ లేదు. టెక్కలిలో ఫైర్‌మన్‌గా చేరిన నాటి నుంచి, ఆఫీసరై పలాస జీడి ఫ్యాక్టరీల మధ్యకు వచ్చేదాకా, పండగనీ పబ్బమనీ ఇంట్లో స్థిమితంగా కూర్చుని తిన్న మనిషి కాడు. తిత్లీ తుఫానుకి ఉద్దానంలో కొబ్బరిచెట్లు రోడ్లకు అడ్డంగా కూలితే, భుజం పుండైపోయినా రంపం దించలేదు. ఇంటికొస్తే మాత్రం పచ్చట్లో కారం ఎక్కువైందని అగ్గి మీద గుగ్గిలమయ్యేవాడు. మంటల దగ్గర చల్లగా ఉండే మనిషి ఆ వేడి ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదా.

అతన్ని మార్చేసింది సోంపేట పక్కన జరిగిన ఒక ప్రమాదం. చిన్న జీడి షెడ్డు, మంట కూడా పెద్దదేం కాదు. లోపలున్న ఆడవాళ్ళంతా ఒక్కసారిగా గుమ్మం మీద పడ్డారు. కాలిపోయినవాళ్ళు లేరు, పోయినవాళ్ళంతా తొక్కిసలాటలోనే పోయారు. ఒకరి మీద ఒకరు పడి ఉన్న ఆ శవాలను విడదీసింది వైకుంఠరావే. ఇంక తన పరిధిలో ఏ గుమ్మం దగ్గరా మనిషి చావకూడదని ఆ రోజు పట్టు పట్టాడు. ఆ పట్టే అతని ఉద్యోగమైంది, నిద్రైంది, తిండైంది.

మందస రోడ్డులో మన్మథరావు ఫ్యాక్టరీ ఉంది. భూములూ కొబ్బరితోటలూ ఉన్న ఇల్లు వాళ్ళది, ఎన్నికలొస్తే అన్ని పార్టీల కార్లూ ఆ వాకిట్లోనే ఆగుతాయి. జీడిపప్పుకి పొట్టు తీసే హాలుకి ఒక్కటే గుమ్మం.

"రెండో గుమ్మం పెడితే పప్పుకి కాళ్ళొచ్చీస్తాయి ఆఫీసరు గారూ" అన్నాడు మన్మథరావు నవ్వుతూ.

వైకుంఠరావు అతని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. నోటీసిచ్చాడు, బతిమాలాడు, చివరికి పోట్లాడాడు. వెనక గోడ పగలగొట్టించి రెండో గుమ్మం పెట్టించాకే ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ తర్వాత డ్రిల్లు మొదలుపెట్టాడు. మొదటిసారి గంట కొడితే ఒక్కరూ పీట మీంచి లేవలేదు. అక్కడ కూలి తూకం మీద ఇస్తారు, ఎవరు ఎంత పప్పుకి పొట్టు తీస్తే అంత. అందరికంటే పాత మనిషి పైడమ్మ. తలెత్తకుండా, చేతులు ఆపకుండా అడిగింది.

"గంట కొట్టీసి తవరు ఎల్లిపోతారు. పళ్ళెం ఒగ్గీసి మేం బయటికెల్తే మా పప్పు ఎవులు సూత్తారు బావూ?"

న్యాయమైన ప్రశ్నే అనిపించింది వైకుంఠరావుకి. పేదవాళ్ళ పొట్ట కొట్టి ప్రాణాలు కాపాడతానంటే ఎవరు వింటారు? అందుకని ఒక ఏర్పాటు చేశాడు. గంట మోగగానే ఎవరి పళ్ళెం వాళ్ళు పట్టుకుని, వరసలో ముందు గుమ్మం దగ్గరికి రావాలి. కాటా రోజూ ఉండేది అక్కడే కాబట్టి గుమాస్తా అక్కడే తూకం వేస్తాడు. తూకం అయినవాళ్ళు అయినట్టే బయటికెళ్ళాలి. తోపులాట ఉండకూడదు. పైడమ్మను వరస పెద్దను చేశాడు. అందరూ వెళ్ళాకే ఆవిడ కదలాలి.

ఇంకో మాట కూడా గట్టిగా నేర్పాడు. "ఎవరు కేకలేసినా వరస చెదరకూడదు. నేను కేకలేసినా సరే." డ్రిల్లు జరుగుతుంటే తనే హఠాత్తుగా వచ్చి "పరిగెత్తండి, పరిగెత్తండి" అని అరిచేవాడు. నమ్మి పరిగెత్తినవాళ్ళను మిగతావాళ్ళు వారం రోజులు ఏడిపించేవారు. పోనుపోను ఎవరూ మోసపోవడం మానేశారు. ఆ క్రమశిక్షణ చూసి జిల్లా అధికారులు మెచ్చుకున్నారు. చుట్టుపక్కల ఫ్యాక్టరీలూ అదే పద్ధతి పెట్టుకున్నాయి. వైకుంఠరావు ఆ నెలలో పచ్చడి గురించి ఒక్కమాట అనలేదని ఇందుమతి ఆశ్చర్యపోయింది.

ఏప్రిల్ ఎండలో, మిట్టమధ్యాహ్నం ఫోనొచ్చింది. మన్మథరావు ఫ్యాక్టరీలో జీడి తొక్కల గుట్ట అంటుకుంది. తొక్కలో నూనె ఉంటుంది, రాజుకుందంటే తారులాంటి పొగ వదులుతుంది, పీలిస్తే గొంతు పూడుకుపోతుంది. డ్రైవరు అప్పలరాజు ఇంజన్ని ఉరికించాడు. దూరం నుంచే నల్లటి పొగ కనిపించింది.

"ఆ హాలుకి భయం లేదులే అప్పలరాజూ. రెండు గుమ్మాలున్నాయి" అన్నాడు వైకుంఠరావు.

గుట్ట హాలుకి ముందువైపు ఉంది. గాలి సముద్రం నుంచి వీస్తూ పొగనంతా తిన్నగా ముందు గుమ్మంలోకి నెడుతోంది. గొట్టాలు పరచమని చెప్పి వైకుంఠరావు వెనక గుమ్మం వైపు పరిగెత్తాడు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. బయట ఎండలో ఒక్క మనిషి లేదు. అందరూ ముందే బయటపడ్డారు కాబోలు అనుకుని లోపలికి తొంగిచూశాడు.

చూసి కొయ్యబారిపోయాడు.

ఆడవాళ్ళు వరసలో నిలబడి ఉన్నారు. ఒక చేత్తో పళ్ళెం, ఒక చేత్తో ముక్కు మీద కొంగు. అందరి వీపులూ అతనివైపే. వరస ముందు గుమ్మం దాకా, ఆ నల్లటి పొగలోకే సాగి ఉంది. అక్కడ గుమాస్తా దగ్గుతూ దగ్గుతూ తూకం వేస్తున్నాడు. ఒకావిడ కూలబడితే పక్కావిడ లేపి మళ్ళీ వరసలో నిలబెట్టింది. తోపులాట లేదు. అరుపులు లేవు. అతను నేర్పింది నేర్పినట్టు, ఒక్క పొల్లు పోకుండా చేస్తున్నారు.

"పళ్ళేలు పడెయ్యండి. ఇటు రండి. వెనక్కి పరిగెత్తండి" అని అరిచాడు.

కొందరు తిరిగి చూశారు. ఒకమ్మాయి కొంగు చాటున నవ్వింది కూడా. మళ్ళీ అందరూ ముందుకి తిరిగారు. తన కేకని డ్రిల్లులో కేకే అనుకుంటున్నారని వైకుంఠరావుకి అర్థమైంది.

వరసని పక్కకి నెట్టుకుంటూ పొగలోకి దూసుకుపోయి కాటాని తన్నాడు. అది బోర్లా పడింది. పప్పు నేలంతా చెల్లాచెదురైంది. డ్రిల్లు కోసమైతే ఎవరూ పప్పుని కాలితో తన్నరని, ఇది నిజమేనని అప్పుడు తెలిసొచ్చింది వాళ్ళకి. వరస విరిగింది. గుమాస్తా మెడ పట్టుకుని వెనక్కి తోశాడు. లేవలేనివాళ్ళను అప్పలరాజూ అతనూ భుజాన వేసుకున్నారు. అందరూ వెనక గుమ్మంలోంచి ఎండలోకి వచ్చి పడ్డారు, దగ్గుతూ, కక్కుతూ.

"పైడమ్మేదీ?" అని అడిగాడు.

వరస పెద్ద ఇంకా లోపలే ఉంది. చివర నిలబడ్డ మనిషికి వెనక గుమ్మం నాలుగు అడుగుల దూరం కూడా లేదు. మధ్యలో ఎవరో తూలితే పట్టుకోవడానికి ముందుకు పోయి, పొగలో ఎక్కడో పడిపోయింది. పీటల మధ్య ఆమెను వెతికి పట్టుకుని ఎత్తుకొచ్చాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"ఒక్కరు కూడా తొయ్యలేదు బావూ" అంది గొంతు పెగల్చుకుని. "తవరు సెప్పినట్టే సేసినాం."

టెక్కలి ఆసుపత్రికి చేరేలోపే ఆమె ప్రాణం పోయింది.

ఆసుపత్రి వరండాలో గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు వైకుంఠరావు. ఎవరో విలేకరి వచ్చి, అంతమంది ఆడవాళ్ళు క్షేమంగా బయటపడడం మీ డ్రిల్లు చలవే కదా సార్ అన్నాడు. మన్మథరావు వచ్చి భుజం తట్టి, సోంపేటవాళ్ళు కూడా మీ పద్ధతే కావాలంటున్నారని చెప్పాడు. ఈ పూట, ఈ క్షణాన, ఎన్ని ఫ్యాక్టరీల్లో కాటాలు గుమ్మం దగ్గర తన మాట మీద కాచుకుని ఉన్నాయో లెక్కపెట్టుకోసాగాడు. గుమ్మం దగ్గర చావు ఉండకూడదని ఇన్నాళ్ళూ పోరాడి, చావుని తనే తీసుకొచ్చి గుమ్మంలో కూర్చోబెట్టాడు.

పైడమ్మ కూతురు తనూజ వచ్చింది. వేరే ఫ్యాక్టరీలో పని చేస్తోంది, అక్కణ్ణించి అలాగే వచ్చేసినట్టుంది, వేళ్ళకింకా పొట్టు అంటుకుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె చేతులు జోడించింది.

"అమ్మ కోసం లోపలికెల్లినారంట. మర్సిపోలేను సార్. మా కాడ కూడా నన్నే వరస పెద్దని సేసినారు. అమ్మనాగే ఆకర్న నిలబడతాను."

వైకుంఠరావు లేచి ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకున్నాడు. అతనికి ఏడుపు ఆగలేదు.

"వద్దమ్మా. నేను చెప్పిందంతా తప్పు. నిప్పు కనబడితే పళ్ళెం అక్కడే పారేసి, దగ్గరున్న గుమ్మంలోంచి అందరికంటే ముందు నువ్వు పరిగెత్తు. అందర్నీ పరిగెత్తమను."

తనూజ కళ్ళు తుడుచుకుని, తల అడ్డంగా ఊపింది.

"నాకు తెలుసు సార్, ఇదీ డ్రిల్లే. ఎవులెంత సెప్పినా నాను వరస ఒగ్గను."