మెట్రో పిల్లర్ల మీద వేసిన నింద

సింధు థీసిస్‌లో నాలుగో చాప్టర్ మొత్తం మెట్రో పిల్లర్ల మీద ఫిర్యాదే. విక్టోరియా మెమోరియల్ స్టేషన్ నుంచి ఎల్‌బీ నగర్ స్టేషన్ వరకూ రోడ్డు మధ్యలో నిలబడ్డ ఆ సిమెంటు పిల్లర్లు అటువైపు నుంచి ఇటు వచ్చే వైర్‌లెస్ సిగ్నల్‌ని మింగేస్తున్నాయని ఆమె తేల్చింది. ఎంత మింగుతున్నాయో లెక్కగట్టి, రంగురంగుల గ్రాఫులు గీసి మరీ నిరూపించింది. ఏడాది పట్టింది ఆ చాప్టర్ రాయడానికి. పిల్లర్లకు నోరు లేదు కాబట్టి ఊరుకున్నాయి.

నోరున్నది సింధు గైడ్ సూర్యప్రభ మేడమ్‌కి. థీసిస్ సమర్పించే ముందు పాత కొలతల్ని మళ్లీ ఒకసారి తీసి చూపించాలని ఆవిడ పట్టుబట్టారు.

"ఒకసారి వచ్చింది రెండోసారీ రావాలి సింధూ. రాకపోతే దాన్ని కొలత అనరు, అదృష్టం అంటారు," అన్నారు.

సరేనని సింధు ఒక ఆదివారం పొద్దున్నే సామాను సర్దుకుని, ల్యాబ్‌లో జూనియర్ వర్షను వెంటబెట్టుకుని బయల్దేరింది. కొలతల పని వినడానికి గొప్పగా ఉంటుంది గానీ చేయడానికి కావలసింది చదువు కంటే ఎక్కువగా కాళ్లు. రోడ్డుకు అవతల ఒక ఇంటి రెండో అంతస్తు బాల్కనీలో, మెట్రో పట్టాల కిందుగా ఇవతలికి చూసేట్టు, సిగ్నల్ పంపే ట్రాన్స్‌మిటర్ పెడతారు. ఇవతల ఎడమ ఫుట్‌పాత్ మీద రిసీవర్‌ని ఛాతీకి కట్టుకుని ఒకరు మెల్లగా నడుస్తారు. చేతిలో ఉన్న తెర మీద ఒక గీత పాకుతూ ఉంటుంది. సిగ్నల్ బాగా అందితే గీత పైన ఉంటుంది, అందకపోతే కిందికి పడిపోతుంది. నడిచే మనిషికి ఆ గీత తప్ప లోకం కనపడదు. అందుకే తోడుగా ఇంకొక మనిషి ఉంటే మంచిది. రెండేళ్ల కిందట ఆ తోడు మహిపాల్.

ఆ బాల్కనీ కూడా మహిపాల్ వాళ్ల పెద్దమ్మ కిష్టమ్మదే. సరూర్‌నగర్ చెరువు పక్కన వాళ్లకు పొలాలుండేవి. పొలాలు కాలనీలయ్యాయి, కుటుంబం ప్లాట్ల వ్యాపారంలోకి దిగింది. ఆ ఇంట్లోంచి వైర్‌లెస్ మీద పరిశోధన చేస్తానని వచ్చినవాడు మహిపాల్ ఒక్కడే. సింధుకీ అతనికీ ఒకేసారి సీటొచ్చింది. తెనాలి నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడ్డ ఇంటి పిల్ల సింధు. ఆమె మాటను అతను వెక్కిరించేవాడు, అతని మాటను ఆమె వెక్కిరించేది. ఆ వెక్కిరింతలు లేకపోతే రోజు గడిచేది కాదు ఇద్దరికీ.

తర్వాత అతని అన్న యాక్సిడెంట్ అయి మంచానపడ్డాడు. వ్యాపారం చూసుకునే దిక్కు లేక మహిపాల్ చదువు వదిలేశాడు. వెళ్తూ సింధుకు పంపిన మెసేజ్ ఇంతే: "ఇగ రాను. యాంటెన్నా కేబుల్ అల్మారిల పెట్టిన." రెండేళ్ల స్నేహానికి ఒక కేబుల్ అప్పజెప్పి పోయాడని ఆమెకు ఒళ్లు మండింది. జవాబు ఎన్నిసార్లు టైప్ చేసి ఎన్నిసార్లు చెరిపిందో ఆమెకే తెలియదు. చివరికి "సరే" అని పెట్టింది. సిగ్నల్ ఎక్కడ ఎందుకు తగ్గుతుందో చెప్పగల పిల్ల, బాలాపూర్ రోడ్డులో ఆఫీసు పెట్టుకుని కూర్చున్న మనిషికి ఫోన్ చేయలేకపోయింది. మరచిపోయిందా అంటే అదీ లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరైనా పొడుగాటి మనిషి ఎదురొస్తే చాలు, ఇప్పటికీ ఆమె గుండె ఒక్క క్షణం తప్పుగా కొట్టుకుంటుంది.

బాల్కనీలో ట్రాన్స్‌మిటర్ బిగిస్తుంటే కిష్టమ్మ చాయ్ తెచ్చి ఇచ్చింది.

"మావోడు ఒస్తలేడా బిడ్డా?"

"లేదు పెద్దమ్మా. ఆయనకు పనులు కదా."

"ఏం పనులో ఏమో. సంబంధం ఒచ్చిందంటే సైటుకు పోవాలె అంటడు. పగలు రాత్రి గా ప్లాట్లే ఆనికి."

సింధు చాయ్ గబగబా తాగేసింది. నాలుక కాలింది. వర్షను ట్రాన్స్‌మిటర్ దగ్గర కాపలా పెట్టి, రోడ్డు దాటి ఇవతలికొచ్చింది.

నడక మొదలుపెట్టింది. గీత పైనే ఉంది. మొదటి పిల్లర్ల దగ్గర కాస్త వణికి మళ్లీ నిలదొక్కుకుంది. చాప్టర్ ప్రకారం ఇక్కడ పడిపోవాలి. పడలేదు. ఇంకొంచెం ముందుకు నడిస్తే పడుతుందేమో అనుకుంది. పడలేదు. ఎల్‌బీ నగర్ స్టేషన్ మెట్ల దాకా వచ్చేసింది, గీత హాయిగా పైపైనే వచ్చింది. సింధుకు చెమటలు పట్టాయి. కేబుళ్లు విప్పి మళ్లీ బిగించింది. వర్షకు ఫోన్ చేసి పవర్ సరిచూడమంది. వెనక్కి వెళ్లి మళ్లీ మొదటి నుంచి నడిచింది. అదే గీత. పిల్లర్లు ఏ పాపం ఎరగవు.

లోకంలో ఏ పరిశోధకురాలైనా సిగ్నల్ బాగా వస్తే సంతోషిస్తుంది. సింధు ఒక టిఫిన్ బండి పక్కన నిలబడి, ఏడుపు ఆపుకుంటూ తెర వైపు చూసింది. ఏడాది కష్టం గంగపాలైంది.

అప్పుడు ఒక పెద్దాయన, ఇడ్లీ ప్లేటు చేతిలో పట్టుకుని, రోడ్డు వైపు నుంచి వచ్చి ఆమె భుజం పక్కన నిలబడి తెరలోకి తొంగి చూశాడు.

"ఏం కొలుస్తున్నరమ్మా? మెట్రో ఇంక ముందుకు ఏస్తరా? మా ఇల్లు పోతదా?"

గీత ధబేల్మని పడింది.

"లేదండీ, మీ ఇంటికేం కాదు," అంటూనే సింధు కళ్లు తెర మీదే నిలిచిపోయాయి. ఆయన నమ్మకం లేని చూపు చూసి, చట్నీ కోసం బండి వైపు పోయాడు. గీత లేచింది.

సింధు తెరను ఒకసారి, ఆ పెద్దాయనను ఒకసారి చూసింది. అక్కడే ఫుట్‌పాత్ అంచున కూర్చుంది.

మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే. నీరు సిగ్నల్‌ని తాగేస్తుంది. అందుకే కొలతలు తీసేటప్పుడు తోడొచ్చిన మనిషి ట్రాన్స్‌మిటర్‌కీ రిసీవర్‌కీ మధ్యకు రాకూడదు, బాగా వెనక నడవాలి. ల్యాబ్‌లో చేరిన ప్రతివాళ్లకూ మొదటి రోజే చెప్పే నియమం అది. బోర్డు మీద ఎర్ర మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో రాసి, ఎవరూ చెరపకుండా కాపలా కాసింది సాక్షాత్తూ మహిపాలే.

కానీ ఈ రోడ్డు ఎలాంటిది! ఫుట్‌పాత్ మీద బండ్లుంటాయి, బైకులుంటాయి, పూలు పళ్లు పరుచుకుని కూర్చున్నవాళ్లుంటారు. నడిచే మనిషి ప్రతి నాలుగడుగులకూ రోడ్డు మీదికి దిగాల్సిందే. పక్క నుంచి బస్సులు రాసుకుంటూ పోతాయి. సింధు తెర చూసుకుంటూ నడిచేది. మొదట్లో వెనకే వచ్చిన మహిపాల్ కాసేపటికి ఆమెకు కుడివైపు, బస్సులకూ ఆమెకూ మధ్య, వచ్చి చేరేవాడు. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ ఎల్‌బీ నగర్ దాకా నడిచేవాళ్లు. ట్రాన్స్‌మిటర్ ఉన్నదీ కుడివైపే. ఆ రోజుల్లో ఆమెకు ఆ కబుర్లే గుర్తుండేవి, అతను ఎటువైపు ఉన్నాడన్నది లెక్కలోకే రాలేదు.

ఏడాది పాటు ఆమె లెక్కగట్టి, గ్రాఫులు గీసి, పేరుపెట్టిన ఆ నష్టం పిల్లర్లది కాదు. మహిపాల్‌ది. ఈ సంగతి తట్టగానే ఆమెకు చాప్టర్ గుర్తురాలేదు. అతను పక్కన లేడన్నది ఒక్కటే గుర్తొచ్చింది. వచ్చేపోయేవాళ్లు చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చింది.

మర్నాడు సూర్యప్రభ మేడమ్ అంతా విని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"మహిపాలా? ఆ బోర్డు మీద రాసినవాడే?"

"అవును మేడమ్."

"ఊహ బాగుంది. కానీ ఊహను థీసిస్‌లో పెట్టలేం. పాత రీడింగులు పక్కన పడేయాలంటే కారణం రుజువు కావాలి. అదే మనిషిని పిలువు, అదే దారిలో నడిపించు. గీత పడితే రాసేయ్. ఇంకో విషయం, ఎందుకో అతనికి ముందే చెప్పకు. చెబితే నడక మారిపోతుంది."

ఫోన్ చేయడానికి రెండేళ్లుగా దొరకని సాకు గైడే చేతిలో పెట్టారు. అయినా సాయంత్రం దాకా ధైర్యం చాలలేదు. రింగ్ పూర్తిగా మోగకముందే అతను ఎత్తాడు.

"సింధూ? ఏమైంది? అంత మంచిదేనా?"

"మంచిదే. ఆదివారం పొద్దున ఒక కొలత ఉంది. రాగలవా?"

 "వస్త," అన్నాడు. ఏం కొలత, ఎందుకు అని అడగనే లేదు.

ఆదివారం వచ్చాడు. చెవుల దగ్గర జుట్టు కాస్త నెరిసింది, ఎండలో సైట్ల వెంట తిరిగి నల్లబడ్డాడు. "బాగున్నవా?" అన్నాడు. "బాగున్నాను" అంది. రెండేళ్లుగా దాచిన మాటలన్నీ ఆ రెండు మాటల వెనకే ఆగిపోయాయి. రిసీవర్ పట్టీ బిగించుకుంటుంటే సాయం చేయడానికి చెయ్యి చాచి, మధ్యలోనే వెనక్కి తీసుకున్నాడు. ఆమెకు అది కనిపించింది. కనిపించకపోయినా బాగుండేది.

"నేనేం చెయ్యాలె?"

"ఏం లేదు. అప్పట్లో ఎలా నడిచేవాడివో అలా నడువు."

నడక మొదలైంది. మహిపాల్ వెనక్కి తగ్గాడు. నియమం ప్రకారం బాగా వెనక, బుద్ధిమంతుడిలా. గీత పైనే ఉంది. పిల్లర్లు ఒక్కొక్కటే వెనకబడుతున్నాయి. కిష్టమ్మ బాల్కనీ ఎదురుగా వచ్చింది, గీత పైనే ఉంది. సింధుకు అనుమానం మొదలైంది. తను పొరబడిందేమో. అప్పుడు కూడా ఇలాగే వెనకే నడిచాడేమో, పక్కన నడిచాడని తనే ఊహించుకుందేమో. రెండేళ్లుగా తలచుకుంటున్నదంతా ఉత్తదేనేమో. తల తిప్పి చూడాలనిపించింది. చూస్తే తట్టుకోలేనని తెరనే చూస్తూ నడిచింది. పడు, ఒక్కసారి పడు అని ఆ గీతను మనసులోనే బతిమాలుకుంది.

పళ్ల బండి అడ్డం వస్తే రోడ్డు మీదికి దిగింది. విజయవాడ వెళ్లే ప్రైవేటు బస్సు ఒకటి జనాన్ని ఎక్కించుకోవడానికి ఒక్కసారిగా పక్కకు కోసుకొచ్చింది. హారన్ చెవులు చిల్లులు పడేలా మోగింది.

గీత పడిపోయింది.

సింధు తలెత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు. కుడి భుజం పక్కన ఎవరున్నారో తెరే చెబుతోంది. బస్సు జనాన్ని ఎక్కించుకుంది, కదిలింది, వెళ్లిపోయింది. రోడ్డు ఖాళీ అయింది. గీత మాత్రం లేవలేదు.

"మహీ," అంది తెర మీంచి కళ్లు తీయకుండానే. "సిగ్నల్ పడిపోయింది."

"పడ్తది. నేను పక్కకొస్తే పడ్తది."

"నీకు తెలుసా?"

"ఎరుకే. అప్పుడు గూడ ఎరుకే."

సింధు ఆగిపోయింది. అతని వైపు తిరిగింది.

"అప్పుడే తెలుసా? తెలిసి పక్కన నడిచావా? ఏడాది పాటు పిల్లర్లను ఆడిపోసుకుంటూ ఒక చాప్టర్ రాశాను నేను! నీ మూలంగా అది మొత్తం చెత్తబుట్టలోకి పోతోంది. తెలుసా నీకు?"

మహిపాల్ నిజంగానే బిత్తరపోయాడు. "పిల్లర్లనా? అయ్యో. నువ్వు గవి రాస్తవని నాకేమెరుక? రేపు ఎన్కకే నడుస్త, మళ్ల మంచిగ తీద్దామని రోజు అనుకునేటోన్ని. రోజు మళ్ల పక్కకే ఒచ్చేటోన్ని. గంతల మా అన్నకు గట్లాయె."

"ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా!"

అతను రోడ్డు వైపు చూశాడు, తర్వాత ఆమె వైపు చూశాడు.

"చెప్తే ఎన్కకు పొమ్మంటవు గద."

సింధు తెర వైపు చూసింది.  రిసీవర్ ఇంకా రీడింగులు రాసుకుంటూనే ఉంది. కొలతను దారి మధ్యలో ఆపితే ఆ రోజు పనంతా వృథా, మేడమ్ ఊరుకోరు, మళ్లీ మొదటి నుంచి నడవాల్సి వస్తుంది. అన్నీ తెలిసే స్విచ్ నొక్కి ఆపేసింది.

"మళ్లీ వచ్చే ఆదివారం రావాలి నువ్వు," అంది. "ఆ పై ఆదివారం కూడా. ఒకసారి వస్తే దాన్ని కొలత అనరు."

"వస్త," అన్నాడు మహిపాల్.

ఎల్‌బీ నగర్ స్టేషన్ ఎదురుగానే కనిపిస్తోంది, ఇంకెంతో దూరం లేదు. అందుకని ఇద్దరూ నెమ్మదిగా నడిచారు.