సెకండ్ గేర్లో జర్కు

మెకానిక్‌కి చెవి ఉంటే చాలంటారు. మన మెకానిక్‌కి చెవితో పాటు నోరు కూడా ఉంది, చిక్కంతా అక్కడే వచ్చింది. స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏది అరిగిందో విప్పకుండానే చెప్పేవాడు. చెప్పింది తప్పేది కాదు. కాకపోతే చెప్పేటప్పుడు షాపు ముందు బెంచీ మీద నలుగురుండాలి, ఆ నలుగురూ నవ్వాలి. వాళ్లు నవ్వకపోతే ఎంత బాగుచేసిన బండయినా అతనికి సగం పనిలాగే ఉండేది.

ఆ బెంచీ నిండుగా ఉన్న ఒక పొద్దున అతని బావ మూడోసారి బండి తెచ్చి నిలబెట్టాడు.

బావంటే అక్క మొగుడు. సందు చివర చిన్న ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్లుగా కాంపౌండరు. చంటిపిల్లలకి నరం దొరకాలన్నా, ముసలివాళ్లకి నొప్పి తెలియకుండా సూది దిగాలన్నా ఆయనే రావాలి. "హస్తవాసి మంచిది" అనేవాళ్లు జనం. ఆ ఒక్క మాట మీదే ఆయన బతుకు నడుస్తోంది. చదివింది పదో తరగతి, చేతిలో సర్టిఫికెట్టంటూ ఏమీ లేదు. పెద్ద డాక్టరుగారు ఆ చెయ్యి చూసే పనిలో పెట్టుకున్నారు. ఆయన పోయాక కూతురు డాక్టరమ్మ కూడా ఆ చెయ్యి చూసే ఉంచుకుంది. ఆ చెయ్యి లేకపోతే కాంపౌండరు లేడు.

"స్లోగా పోతుంటే జర్కులేరా," అన్నాడు కాంపౌండరు. "ఫస్టులో, సెకండ్లో మరీను. స్పీడందుకుంటే ఏమీ ఉండదు."

"రెండుసార్లు చేశాను కదా బావా!"

"చేశావు. పోలేదు."

బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. మెకానిక్‌కి ఎక్కడ కాలాలో అక్కడే కాలింది.

మొదటిసారి ఎయిర్ ఫిల్టరు దులిపి, ప్లగ్గు మార్చాడు. రెండోసారి కార్బొరేటర్ మొత్తం దించి పెట్రోల్లో కడిగాడు. స్లో మీద పెట్రోలొచ్చే సన్నటి జెట్టు కొత్తది వేశాడు, గాలి స్క్రూ సరిచేశాడు, చైను బిగించాడు. తను నడిపి చూస్తే బండి వెన్నలా పోయింది. బావ ఎక్కితే మాత్రం ముందుకో కుదుపు, వెనక్కో కుదుపు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు ఆరోజంతా రెంచీలు విసిరికొట్టాడు.

"ఈసారి నువ్వే నడుపు. నేను వెనక కూర్చుంటా," అన్నాడు.

సందు ఇరుకు. పళ్ల బండీ, బడికి పోయే పిల్లలూ అడ్డంగా ఉన్నారు, బండి నడకలా పోవాలి. వెంటనే కుదుపులు మొదలయ్యాయి. మెకానిక్ బావ భుజం మీదుగా తొంగిచూశాడు. కుడిచెయ్యి యాక్సిలరేటర్ మీద ఊరికే ఆని ఉంది. బొటనవేలూ చూపుడువేలూ ఏదో మాత్రని నలుపుతున్నట్టు సన్నగా కదులుతున్నాయి, వాటితో పాటు మణికట్టు వణుకుతోంది. వణికినప్పుడల్లా కేబుల్ లాగుతోంది, పెట్రోలు పోతోంది, బండి ఉలిక్కిపడుతోంది. బండి ఉలిక్కిపడితే మనిషి ఊగుతున్నాడు, మనిషి ఊగితే చెయ్యి ఇంకాస్త తిరుగుతోంది. పెద్దరోడ్డెక్కి పిడికిలి బిగించగానే వణుకు పోయింది, దాంతో జర్కూ పోయింది.

మెకానిక్‌కి ఒళ్లు పొంగింది. బావకేమైందో అన్న భయం కాదు ముందు కలిగింది. తప్పు దొరికిందన్న సంబరం! మనిషి అలాంటివాడు, దాచి లాభం లేదు.

మందు కూడా అతనికి తెలుసు. కేబుల్ దగ్గర నట్టు రెండు చుట్లు వదులు చేసి, స్లో మీద పెట్రోలు పిసరంత పెంచితే చాలు. ఆ వణుకు ఆ వదులులోనే అణిగిపోతుంది, ఇంజిన్ దాకా పోదు. పది నిమిషాల పని. అది చేసి, "కేబుల్లో ఉంది బావా లోపం, పోయింది" అనొచ్చు. సాయంత్రం అక్క ఇంటికెళ్లి చెవిలో నిజం చెప్పొచ్చు. బుద్ధున్నవాడెవడైనా అదే చేస్తాడు.

మన బుద్ధిమంతుడు బండి దిగి బెంచీ వైపు తిరిగాడు.

"దొరికిందర్రా! జబ్బు కార్బొరేటర్‌కి కాదు, కాంపౌండరుకి!"

అంతటితో ఆగాడా? చేతిలో స్క్రూడ్రైవర్ గజగజ వణికిస్తూ బెంచీ మీది ఆటో డ్రైవర్ తుంటి మీదకి తెచ్చాడు. "కాస్త ఓర్చుకోమ్మా! ఇప్పటికి రెండే తప్పాయి, మూడోదానికి తగులుతుందిలే!" అంటూ గాల్లో పొడిచాడు. బెంచీ ఊగిపోయింది. పాలవాడు కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వాడు. బడి ఆయా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

బావా బావమరుదుల పరాచికాలకి ఎవరు అడ్డొస్తారు? కాంపౌండరు కూడా ముందు నవ్వాడు. "ఛీ, వెధవా" అన్నాడు. తర్వాత తన చెయ్యి చూసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"నాకు తెలుసురా, రెండు నెలలైంది," అన్నాడు మెల్లగా. "ఊరికే ఉంటేనే వణుకుతుంది. సూది పట్టుకుంటే ఆగిపోతుంది. పని పెడితే వణకదు."

"అంటే నీ చేతికి కూడా సూపర్వైజరు కావాలా బావా?"

మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల్లోనే కేబుల్ వదులు చేశాడు, పెట్రోలు పెంచాడు. బండి సందులో నీళ్ల మీద పడవలా పోయింది. "రెండే రెండు చుట్లు! ఇక నువ్వెంత వణికినా దానికి తెలియదు," అని అందరికీ వినపడేలా అరిచాడు. ఆ రాత్రి అన్నం దగ్గర గరిటె పట్టుకుని పెళ్లానికి కూడా ఆడి చూపించాడు. ఆవిడా నవ్వింది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. ఆయా ఆ మాట బడికి మోసింది, పాలవాడు గడపగడపకీ పోశాడు. వారం తిరగకుండానే ఒక తల్లి, "ఆ కొత్త నర్సమ్మాయి చేత వేయించండి" అంది. మర్నాడు ఇంకో ఇద్దరన్నారు. ఇరవయ్యేళ్లుగా ఆయన చేతే సూది వేయించుకుంటున్న ముసలమ్మ కూడా, "నీకెందుకు నాయనా శ్రమ" అని చెయ్యి వెనక్కి తీసుకుంది.

డాక్టరమ్మ పిలిపించి చేతులు బల్ల మీద పెట్టమంది. పెట్టాడు. కుడిచెయ్యి వణికింది.

"ఒక్క సూది వేసి చూపిస్తానమ్మా," అని బతిమాలుకున్నాడు.

"ఎవరికి వేస్తారు? ఇక మీకు ఎవరు చెయ్యి చాపుతారో చెప్పండి," అంది డాక్టరమ్మ. చెడ్డది కాదు, భయపడింది. ఆయన్ని టోకెన్ల బల్ల దగ్గర కూర్చోబెట్టింది. అక్కడ చెయ్యడానికి పనేముంది? చీటీ చింపి ఇవ్వడం, నంబరు పిలవడం. మిగతా పొద్దంతా ఆ చెయ్యి బల్ల మీద ఊరికే పడి, వచ్చేపోయే అందరి ముందూ వణికేది. అనుమానం ఉన్నవాళ్లకి కూడా అది చూశాక తీరిపోయింది.

అక్క షాపుకొచ్చింది. బెంచీ మీద మనుషులున్నారని కూడా చూడలేదు.

"ఆ తీగకిచ్చిన వదులు మీ బావకి ఇవ్వలేకపోయావురా? నా చెవిలో ఓ మాట చెబితే నీ సొమ్మేం పోయేది?"

"ఊరికే అన్నానే అక్కా. బావ కదా!"

"బావ కాబట్టే చంపావు. పరాయివాడైతే కేబుల్ వదులు చేసి పంపేవాడివి," అని వెళ్లిపోయింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

మూడు నెలలు గడిచాయి. మెకానిక్ కూతురికి పదకొండో నెల. ఒకరోజు తెల్లారినప్పటి నుంచి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. మధ్యాహ్నానికి కళ్లు గుంటలు పడి, పిల్ల మెడ వాల్చేసింది. భార్యాభర్తలిద్దరూ ఆసుపత్రికి పరిగెత్తారు. డాక్టరమ్మ చూస్తూనే సెలైనంది.

కొత్తమ్మాయి కుడిచేతికి గుచ్చింది. అందలేదు. ఎడమచేతికి గుచ్చింది, మోచేతి దగ్గర గుచ్చింది, పాదానికి గుచ్చింది. ఒంట్లో నీళ్లు లేక నరాలన్నీ దాక్కున్నాయి. ఐదోది డాక్టరమ్మే గుచ్చింది, అదీ తప్పింది. పిల్ల ఏడుపు సన్నబడి మూలుగైంది. డాక్టరమ్మ చెమట తుడుచుకుని టోకెన్ల బల్ల వైపు చూసింది.

"మీరు రండి."

కాంపౌండరు వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. సూది అందుకున్నాడు. మెకానిక్ కళ్లు ఆ చెయ్యి మీదే ఉన్నాయి. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఆరోజు బావ చెప్పిందంతా నిజమేనని అప్పటికి తలకెక్కింది. కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

అంతలో అతని భార్య పిల్లని గుండెకి హత్తుకుని వెనక్కి తగ్గింది.

"అన్నయ్యగారు వద్దు! ఆయన చెయ్యి వణుకుతుంది!"

"వణకడం లేదే! చూడు!" అన్నాడు మెకానిక్.

"మీరే కదా చెప్పారు! గరిటె పట్టుకుని ఆడి మరీ చూపించారు!"

"నవ్వుతావని అన్నానే! ఒట్టు, వణకదు!"

"మీ బావ మొహం చూసి నా పిల్లని పొడిపిస్తారా? మీరు పట్టిన తప్పు ఏనాడైనా తప్పయిందా?"

మెకానిక్ నోరు మూతపడింది. ఇన్నేళ్లలో ఆ నోరు మూతపడటం అదే మొదలు.

కాంపౌండరు సూది ట్రేలో పెట్టాడు. పెట్టగానే, ఖాళీ అయిన చెయ్యి వణకడం మొదలుపెట్టింది. "చూడండి, చూడండి!" అని ఆ తల్లి కేక పెట్టింది. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, కొత్తమ్మాయి వైపు తిరిగాడు.

"చీలమండ లోపలి వైపు చూడమ్మా, ఎముకకి కాస్త ముందు. కంటికి కనపడదు, కానీ ఉంటుంది. వేలితో తడుము. సూది బాగా పడుకోబెట్టి దించు."

ఆరోది తప్పింది. ఏడోది తగిలింది. గొట్టంలోకి ఎర్రగా ఓ చుక్క వచ్చింది, సెలైను దిగడం మొదలైంది. సాయంత్రానికి పిల్ల కళ్లు విప్పి పాలకి ఏడ్చింది. ఒంటి మీద ఏడు చోట్ల దూదులు అంటించి ఉన్నాయి. తండ్రి వాటిని మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకున్నాడు, ఆరింటికి తనే కారణమని.

లేచి టోకెన్ల బల్ల దగ్గరికి వెళ్లాడు. బావ కళ్లలోకి చూడలేకపోయాడు.

"నాదే తప్పు బావా. డాక్టరమ్మకి చెబుతాను. బెంచీ మీద అందరికీ చెబుతాను, ఇల్లిల్లూ తిరిగి చెబుతాను. నీ చేతికి ఏమీ కాలేదని చెబుతాను."

కాంపౌండరు వణికే చేతిని ఎడమచేత్తో అదిమిపెట్టుకున్నాడు.

"నువ్వు చెడ్డదన్నప్పుడు ఊరంతా నమ్మిందిరా," అన్నాడు. "మంచిదంటే నీ పెళ్లామే నమ్మలేదు. పక్కకి జరుగు, వెనక జనం ఉన్నారు."

మెకానిక్ పక్కకి జరిగాడు. కాంపౌండరు తర్వాతి నంబరు పిలిచాడు.