వాలుగ కథ విన్న డాక్టరమ్మ

మా బామ్మర్ది రాముడు నలభై రోజులు నోరు విప్పలేదు. కొల్లేట్లో దోనె ఒరిగి, తనతో చేపల వేటకెళ్లే తిరుపతిరావు మునిగిపోయిన నాటి నుంచీ అంతే. ముద్ద దిగదు. ఊరకే లేచి నీళ్లవైపు నడుస్తున్నాడని వాళ్లావిడ అంకాలమ్మ గడప దాటనివ్వడం లేదు.

తొంభై ఎనిమిదిలో సంగతి. భవానీపురంలో మనసు డాక్టరు ఫౌజియా గారి దగ్గరికి ముగ్గురం వెళ్లాం. పెద్ద మిషన్లుంటాయనుకున్నాను. బల్ల, నాలుగు కుర్చీలు, మంచినీళ్ల కూజా. డాక్టరు చూస్తే మా మనవరాలి ఈడు.

"ఈ పిల్ల జలుబు కుదిర్చినా గొప్పే," అన్నాను మెల్లిగా.

"నీ నోటికి మందిచ్చినా చాలన్నయ్యా," అంది అంకాలమ్మ.

"ఏం జరిగింది రాముడు గారూ?" అని అడిగింది డాక్టరమ్మ.

వాడు నేల చూశాడు. నేను ఊరుకుంటానా? "నేను చెబుతానమ్మా. తాడిచెట్టంత వాలుగ చేప. నోరు తెరిస్తే మా ఊరి బస్సు పట్టేస్తుంది. తోకతో ఒక్కటిచ్చుకుంది..."

ఈ కథ కట్టింది నేనే. పరామర్శకొచ్చిన వాళ్ల ఏడుపు తగ్గుతుందని చెప్పాను. ఊరంతా దాన్నే చెప్పుకుంది. ఇక రాముణ్ణి అడిగినవాడు లేడు.

చదువుకున్నవాళ్లు నవ్వుతారు, లేదా ఆపమంటారు. ఈవిడ చేప మీసాలెంత పొడుగని అడిగింది. నేను రెచ్చిపోయాను. ఆవిడ చెవి నావైపు, కళ్లు రాముడి చేతులవైపు. తిరుపతిరావుని వాలుగ మింగిందన్న చోట ఆ చేతులు బిగుసుకున్నాయి.

"బాబాయి గారూ, అక్కడ కాస్త ఆగండి."

ఆపైన ఆవిడా మాట్లాడలేదు. నాకు నాలుక దురద. అంకాలమ్మ నా మోకాలు నొక్కిపట్టింది.

"వాలుగ లేదు బావా," అన్నాడు రాముడు. "గాలికి ఆడు నీళ్లలో పడ్డాడు. దోనె తోసే గడ అందించా. పట్టుకున్నాడు. ఇద్దరం పోతామని నేనే వదిలేశా."

నేనైతే "నీ తప్పేముందిరా" అని అక్కడే మూతేసేవాణ్ణి. ఆవిడ అలా అనలేదు. "గడ ఎంత బరువనిపించింది?" అంది. వాడు గంటసేపు చెప్పాడు. ఆవిడ ఒక్కసారి కూడా గడియారం చూడలేదు. నేను జీవితంలో అంతసేపు వినడం అదే మొదలు.

లేచేటప్పుడు అంది: "వచ్చే మంగళవారం మీరూ రండి బాబాయి గారూ. కథ లేకుండా."

"కథ లేకపోతే నేనెందుకమ్మా?"

"వినడానికి."

బస్టాండు దగ్గర రాముడు ఇడ్లీ అడిగాడు. ముప్పై తిన్నాడని చెప్పాలనుంది గానీ, మూడే తిన్నాడు.