లాభం, రెండు, మూడు

బుడన్‌బీ గుడ్డని బండకేసి బాదుతుండగా డాక్టరు లక్ష్మీనారాయణ మళ్ళీ వచ్చి వెనకాల నిలబడ్డాడు.

"వచ్చినాడు, నా పాలిటి శనిగాడు," అనుకుంది మనసులో. తల తిప్పలేదు.

నాలుగు రోజులుగా ఇదే తంతు. తొట్టిలో నీళ్ళు చూస్తాడు. సబ్బు వాసన చూస్తాడు. తీగమీద ఆరేసిన గుడ్డల్ని వెలుతురుకెత్తి చూసి, చిన్న నోటుబుక్కులో ఏదో గీక్కుంటాడు. హిందూపురంలో ఆ ఆస్పత్రి గుడ్డలు ఇరవై రెండేళ్ళుగా ఉతుకుతున్న మనిషి ఆమె. కడుపు కోసినప్పుడు లోపలి రక్తం అద్దే గుడ్డలవి. పది పోతే పదీ తిరిగి రావాలి. ఇన్నేళ్ళలో ఒక్క గుడ్డ తప్పిందన్న మాట పడలేదు.

ఈయన చేసేది పరిశోధనంట. కడుపులో క్యాన్సర్ గడ్డ తీసినవాళ్ళకి తర్వాత జ్వరాలెందుకొస్తున్నాయి, కుట్లెందుకు విడిపోతున్నాయి అని. పరిశోధనో, పాడో! తన పని ఊడబెరకడానికే మద్రాసు నుంచి దిగాడని బుడన్‌బీకి గట్టి నమ్మకం.

"అవ్వా, ఈరన్న ఆపరేషన్ నాటి గుడ్డలు పదీ తిరిగొచ్చాయా?"

ఈరన్న పెనుకొండ పక్క గొర్రెలు మేపే మనిషి. కడుపులో గడ్డ తీసి ఆరు రోజులైంది. మూడు రోజులుగా జ్వరం విడవడం లేదు.

పదీ వచ్చాయని ఆమెకి తెలుసు. తన చేత్తో ఉతికింది, తెలీకేం? కానీ నోరు జారితే ఆ మాటే మెడకు చుడతాడేమో.

"నన్నేమడుగుతావు సార్? నేనేమన్నా సదువుకున్నదాన్నా? నేను లెక్క చెప్తే సిస్టరమ్మ పుస్తకంలో గీతలు గీసుకుంటాది, అందులో ఏముంటే అదే."

డాక్టరు ఆమె ముఖంలోకి అదోలా చూసి వెళ్ళిపోయాడు. బాగా తప్పించుకున్నానని బుడన్‌బీ ఊపిరి పీల్చుకుంది.

పక్క తొట్టిలో ఈరన్న కంబళి నానుతోంది. ఊరికి పొయ్యేలోగా ఉతికిమ్మని నిన్న వార్డు కిటికీలోంచి ఇచ్చాడు. ఇస్తూ నవ్వాడు. "ఏమవ్వా, నువ్వూ లాభమంటాండావే! మేమూ గొర్రెల్ని అట్లే లెక్కబెడ్తాం."

అది ఆమె భర్త మొహిద్దీన్ సాబ్ నేర్పిన లెక్క. సంతలో ధాన్యం కొలిచేవాడు. మొదటి కొలతని ఒకటి అననే అనడు, లాభం అంటాడు. ఏడుని ఆరున్నొకటి అంటాడు. ఏడంటే ఏడుపు గదా! ఆయన పోయినా లెక్క ఆమె నోట్లో ఉండిపోయింది.

పదిగంటలకి ఈరన్నని మళ్ళీ ఆపరేషన్ రూములోకి తోసుకుపోయారు. బుడన్‌బీ ఉతకడం ఆపి అటే చూసింది. "మళ్ళీ ఎందుకబ్బా? ఆ మనిషిలో ఏముండాదని?"

మధ్యాహ్నం రక్తపు గుడ్డల బకెట్ వచ్చింది. ఆరు నెలల కిందట కేరళ నుంచి వచ్చిన సిస్టరమ్మ పుస్తకం తెరిచి నిలబడింది. ఆమె వెనక డాక్టరు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"లాభం," అంటూ బుడన్‌బీ మొదటి గుడ్డ బండమీద వేసింది. "రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది, తొమ్మిది, పది."

డాక్టరు పుస్తకం లాక్కున్నాడు. గీతలు తొమ్మిదే ఉన్నాయి.

"మొదటిదానికి గీత ఏది?"

"లాభం అంటే దండం కదా సార్," అంది సిస్టరమ్మ. "పని ముందు దేవుడికి పెట్టుకునేది."

డాక్టరు బుడన్‌బీ వైపు తిరిగాడు. "లాభమంటే ఏమిటవ్వా?"

"ఒకటే సార్. మొదటిదాన్ని ఒకటి అనగూడదు గదా, మంచిది గాదు."

ఆయన ఆ తడిబండ మీదే కూలబడ్డాడు. ఆరు నెలల్లో పదకొండు ఆపరేషన్లు. పోయిన గుడ్డలు ఒక పేజీలో, వచ్చినవి ఇంకో పేజీలో. రెండూ కలిపి చూసింది ఈయనొక్కడే. గీతల ప్రకారం ప్రతిసారీ పది పోయి తొమ్మిదే వచ్చాయి. ఈరన్న జ్వరానికి కడుపులో ఉండిపోయిన గుడ్డే కారణమనుకుని మళ్ళీ కోశాడు. లోపల ఏమీ లేదు, కుట్లు గట్టిగానే ఉన్నాయి. జ్వరం ఊపిరితిత్తులది.

"పొద్దున అడిగితే పది అని ఎందుకు చెప్పలేదవ్వా?"

"నా పని తీసేస్తావేమో అనుకుంటి సార్."

"నువ్వేదో దాస్తున్నావని నేననుకున్నాను."

రెండోసారి కోతకి తట్టుకునే బలం ఆ ఒంట్లో లేదు. నాలుగింటికి ఈరన్న ప్రాణం పోయింది.

అతని సామాన్లు భార్య చౌడక్కకి అప్పజెప్పాలి. సిస్టరమ్మ పుస్తకం పట్టుకుని, "చెప్పు అవ్వా," అంది.

బుడన్‌బీ ఈరన్న చేతికర్ర ఎత్తింది. నోరు తెరిచింది. ఎదురుగా చౌడక్క కళ్ళు తుడుచుకుంటోంది. లాభం అన్న మాట నోట రాలేదు. ఛీ, పాపిష్టి నోరు! పొద్దున పది అని రావాల్సినప్పుడు రాలేదు.

"ఒకటి," అంది. ఆ బండ దగ్గర ఆమె ఆ మాట అనడం అదే మొదలు.

సిస్టరమ్మ గీత గీసింది. రెండోది ఆకూవక్కల సంచి.

"మూడు, కంబళి. తడారలేదు తల్లీ," అంది బుడన్‌బీ.

"తడిదాన్ని యాడ మోసుకుపోదునవ్వా? కప్పుకునేటోడే పాయ. ఈడనే ఉండనీ," అని చౌడక్క శవం వెంట బండి ఎక్కింది.

తీగమీద పది తెల్లగుడ్డలు ఆరిపోయాయి. వాటి చివర నల్లకంబళి నుంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి.