పర్శరాములు నవ్విన ఫోటో

ట్రాక్టర్లకు ఫోటోలు తీయాలంటే ఎవరైనా నవ్వుతారు. నేనూ నవ్వాను. షార్జా రోలాలోని మా స్టూడియోకి వచ్చేవాళ్ళలో సగం పాస్‌పోర్టు ఫోటోలవాళ్ళు, మిగతా సగం మా దగ్గరి కోటు తొడుక్కుని ఊరికి పంపే ఫోటో దిగేవాళ్ళు. 2005 జనవరిలో, ధైద్ వైపు తోటలున్న ఒక అర్బాబు, అంటే అరబ్బు యజమాని, తరఫున ఆయన పనులు చూసే ముదీర్ వచ్చాడు. శుక్రవారం పాత ట్రాక్టర్ల లాగుడు పోటీ ఉందని, ఫోటోలు కావాలని చెప్పాడు. షరతు ఒక్కటే. బండ్లు కనబడాలి, మనుషుల మొహాలు కనబడకూడదు. ఆ ఫోటోలు అర్బాబు అతిథులు కూర్చునే తన మజ్లిస్ గోడలకు పెట్టుకుంటాడట. అంత మురిపెంగా చూసుకునే బండి మీద పనివాడి మొహం ఉంటే గోడ మాసిపోతుంది కాబోలు.

మాది జమ్మలమడుగు. మా వైపు తిరునాళ్ళలో ఎడ్లతో బండలాగుడు పోటీలు పెడతారు. దుబాయ్ రాకముందు పదేళ్ళు ఆ పోటీలకు ఫోటోలు తీసి బతికినవాణ్ణి. అందుకే ధైద్ మైదానంలో నాకు కొత్తేమీ కనిపించలేదు. ఎడ్ల బదులు యాభై ఏళ్ళ నాటి ట్రాక్టర్లు, రాతిబండ బదులు ఇనుప పలక మీద సిమెంటు దిమ్మెలు. పలకను గొలుసుతో బండి వెనక కట్టి ఇసుకలో లాగాలి. రౌండు రౌండుకీ దిమ్మెలు పెంచుతారు. చివరికి ఎవరి బండి ఎక్కువ దూరం లాగితే వాళ్ళది గెలుపు.

పొద్దున్నే వెళ్ళి, వరసగా నిలబెట్టిన బండ్లను ఒక్కొక్కటీ తీశాను. అర్బాబు బండి 1958 నాటిది, ఎర్ర రంగు. దాన్ని గుడ్డతో తుడుస్తున్న మనిషి నా చేతిలోని ప్రొద్దుటూరు బట్టల కొట్టు సంచీ చూసి, ఏ ఊరని తెలుగులో అడిగాడు. అతనే పర్శరాములు. సిరిసిల్ల దగ్గర పల్లె. డ్రైవర్ వీసా అని చెప్పి తీసుకొచ్చి మూడేళ్ళు మేకల దొడ్లో పెట్టారు. షెడ్డులో తుప్పుపట్టి పడున్న ఈ బండిని అతనే తీరిక దొరికినప్పుడల్లా విప్పి, కడిగి, బాగు చేశాడు. అది దడదడమని లేచిన రోజున అర్బాబు అతన్నే డ్రైవరుగా సీటు మీద కూర్చోబెట్టాడు.

అయితే ఊళ్ళో ఎవరూ నమ్మలేదట. వాడు దుబాయ్‌లో మేకల పెంట ఎత్తుతున్నాడని సొంత బామ్మర్దే నలుగురిలో ఎగతాళి చేస్తున్నాడట. భార్య కొమురవ్వ కూడా ఫోన్‌లో, ఏ పని చేసినా పర్లేదు, అబద్ధం మాత్రం చెప్పకు అన్నదట. అది చెబుతూ తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

"బండి మీద నా మొకం గనవడేటట్టు ఒక్కటి తియ్యి తమ్మీ. నిలవడ్డ బండి మీద గాదు. ఎవలిదో బండెక్కి కూసున్నడంటరు. లాగుతుండంగ తియ్యి."

ఒప్పుకున్నాను. ముదీర్ అడిగినవన్నీ తీసి, ఒక్కటి అతని కోసం తీస్తే ఎవడికి నష్టం? బరువు మీద పడ్డప్పుడు ఈ పాత బండ్ల ముందు చక్రాలు నేల వదిలి లేస్తాయి. ఫోటోకి అదే అదను. అప్పుడు నేను పేరు పెట్టి పిలుస్తాను, అతను ఒక్కసారి ఇటు తిరగాలి. అదీ మా ఒప్పందం.

బండలాగుడు దగ్గర నా పద్ధతి అదే. ఎడ్లు బండను కదిలించే క్షణంలో తోలేవాణ్ణి పేరు పెట్టి కేకేసేవాణ్ణి. వాడు తిరిగి నవ్వేవాడు. వాడు చూడకపోయినా ఎడ్లు లాగుతూనే ఉండేవి, చేతకాకపోతే వాటంతట అవే ఆగేవి. ట్రాక్టరుకు ఆ బుద్ధి లేదని నాకు తట్టలేదు. పుట్టినప్పటినుంచీ ఎడ్ల మధ్య పెరిగిన పర్శరాములుకూ తట్టలేదు.

మొదటి రెండు రౌండ్లలో చక్రాలు లేవగానే అతను క్లచ్ తొక్కాడు, బండి ముందుభాగం మెత్తగా కిందికి దిగింది. జనం చప్పట్లు కొట్టారు. మూడోసారి దిమ్మెలు పెంచారు. చక్రాలు జానెడు లేచాయి, మూరెడు లేచాయి.

"పర్శన్నా!"

తిరిగాడు. తలగుడ్డ జారింది. పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. నేను మీట నొక్కాను. మరుక్షణం కెమెరా కంటిలో మనిషి లేడు, బండి అడుగుభాగం ఉంది. అది వెనక్కి తిరగబడి అతని మీదే పడింది. జనమంతా కలిసి ఎత్తేసరికి ఖలాస్.

పోలీసులు నన్ను ఏం చూశావని అడిగారు. చక్రాలకేసి చూస్తున్నాను, ఇంకేమీ తెలియదన్నాను. డ్రైవర్ పొరపాటని రాసుకున్నారు. ముదీర్ ఫోటోలు ఏరుకుంటూ అదొక్కటీ పక్కకు తోశాడు, మొహం ఉందని.

పందొమ్మిది రోజులకు శవం ఊరికి బయలుదేరింది. వెంట వెళ్తున్న దయాకర్ అతని గదివాడే. దినాలకు పెట్టడానికి ఫోటో కావాలని ముందురోజు స్టూడియోకి వచ్చాడు. పాస్‌పోర్టు ఫోటోలో అయితే దొంగతనంలో దొరికినవాడిలా ఉన్నాడన్నాడు. నేను ఆ ఫోటోనే పెద్దది చేసి, అద్దం కట్టి ఇచ్చాను. లేచిన చక్రాలు, ఎర్ర బండి, దాని మీద నవ్వుతున్న మనిషి. ఎలా తీశానో మాత్రం చెప్పలేదు.

మూడు వారాలకు కొమురవ్వ ఫోన్ చేసింది. పెట్టె తెరవనివ్వలేదట. అందరూ ఆ ఫోటో ముందే కూర్చుని ఏడ్చారట. బామ్మర్దే దండ వేసి, నేను పాపిష్టోణ్ణని తల బాదుకున్నాడట. చెబుతున్నంతసేపూ ఆమె గొంతులో దుఃఖంతోపాటు ఒక గర్వం వినబడింది.

"పెండ్లి ఫోటోల గూడ నవ్వలే ఆయన. ఎవలను జూసి గంతగనం నవ్విండు తమ్మీ?"

మిమ్మల్నే తలుచుకున్నాడని అంటే సరిపోయేది. పోలీసుల ముందు నోటికొచ్చిన అబద్ధం అక్కడ రాలేదు. బండి పడ్డ రోజు నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

"నన్ను చూసే వొదినా. నేనే పిలిస్తి. ఆ పిలుపుకే ఇట్ల తిరిగినాడు. లేకుంటే క్లచ్ తొక్కేవాడు."



"గిది నాకెందుకు జెప్పినవ్ తమ్మీ?" అంది. ఫోన్ పెట్టేసింది.

ఎందుకు చెప్పానో నాకు తెలుసు. నా నెత్తిమీది బరువు మోయలేక ఆమె నెత్తిన పెట్టాను. నిజం చెప్పాననే పేరు ఒకటి దానికి.

నెలకు దయాకర్ తిరిగొచ్చాడు. పాత చీర ముక్కలో చుట్టిన ఆ ఫోటో నా బల్ల మీద పెట్టాడు. అద్దం మీద, అతని నుదుటి చోట, కుంకుమ బొట్టు ఇంకా ఉంది. అది చూసినప్పుడల్లా బండి పడబోతున్నట్టే ఉందని కొమురవ్వ గోడ మీంచి తీసేసిందట.

ఇప్పుడు ఆ గోడకు పాస్‌పోర్టు ఫోటో ఉంది. అందులో అతను డ్రైవరని ఎవరికీ తెలియదు.